ఎండకు పెట్టిన నూలు

నేను బడి మానేసిన రోజు మా లెక్కల సారు మొహంలో పండుగ కనిపించింది. ఇది కోపంతో అంటున్న మాట కాదు. ఆయన పాఠం చెప్తుంటే వెనక బెంచీలో కూర్చుని ఆయన గొంతుతోనే అదే పాఠం నేనూ చెప్పేవాణ్ని. పిల్లలు నాది వినేవాళ్లు. అట్లాంటి పోటీ ఏ సారుకు నచ్చుతుంది? ఏడో తరగతి సగంలో ఉండగా నాయినకు దమ్ము, అంటే ఆయాసం, ఎక్కువై మగ్గం ముందు కూర్చోలేకపోయాడు. గుంట మగ్గం కదా, ఆ గుంటలో ఎవరో ఒకరి కాళ్లు ఆడాలి. నావి పెట్టాను. నేను లేని లోటు బడికి తెలియలేదు. బడి లేని లోటు నాకు తెలియడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది. తెలిపింది మా చెల్లె.

మాది హన్మకొండ దగ్గరి కాశిబుగ్గ. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, రాత్రి పడుకుంటే చెవుల్లో మిగిలిపోయిన మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో మామూలుగా ఎవరూ ప్రశ్నలు అడగరు, అడిగినా వినబడదు. మా చెల్లె అడిగేది. పడుగుకు గంజి ఎందుకు పెట్టాలి, వానాకాలం పోగు ఎందుకు తక్కువ తెగుతుంది, ఇట్లాంటివి. నేను నోరు తెరిస్తే వీధి నవ్వేది. అది నోరు తెరిస్తే వీధి తప్పించుకుని పోయేది.

ఎమర్జెన్సీ పోయిన ఒకటి రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. చెల్లె అప్పుడు ఆడపిల్లల మిషన్ బడిలో పదోది చదువుతోంది. బజారు సేటు మేం నేసిన తువ్వాళ్ల కట్ట వెనక్కి పంపాడు. ఎర్ర అంచు ఎండకు తెల్లబడిందట. "మీ నూలుకు ఎండంటే భయమా?" అని మనిషితో అడిగించాడు.

నాయిన ఊరుకునే మనిషా? నా నోరు నాకు ఎవరు ఇచ్చారనుకున్నారు?

"ఎండల తిరిగితె సేటు మొకం నల్లవడ్తది. మా అంచు తెల్లవడ్డది. రెంటిట్ల ఏది నయమో ఆయన్నే చెప్పమను," అని తిప్పి పంపాడు.

ఇంట్లో అందరం నవ్వాం. చెల్లె నవ్వలేదు. "నాయినా, నిజమే గదా. ఎండకు మనం నల్లవడ్తం. రంగు తెల్లవడ్తదేంది?"

"మీ టీచర్ను అడుగు పో."

అడిగింది. సాయంత్రం ఇంటికి వచ్చి గడపలోనే చెప్పింది. "టీచర్‌కు గుడ తెల్వదట! నువ్వే కనుక్కో అన్నది."

నాయిన మంచంలో లేచి కూర్చున్నాడు. తనకు తెలియదని చెప్పిన టీచరును ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు. "తెల్వదని ఒప్పుకున్నదా? అయితె మంచి మనిషేనే," అన్నాడు.

ఆ టీచరమ్మ క్రైస్తవురాలు, తెల్ల చీర, గొడుగు, ఎప్పుడూ తొందర నడక. తరవాతి వారం తనే మా ఇంటికి వచ్చింది. చెల్లె అడిగిన ప్రశ్ననే బడి తరఫున జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు పెడదామంది. ఆ ఏడు ఇంకో కొత్త సంగతి ఉందట. ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వచ్చే పెద్ద కాలేజీ కెమిస్ట్రీ సారు, పదో తరగతి పిల్లల్లో ఒక జట్టునో ఇద్దరినో ఎంచుకుని ఎండాకాలం సెలవుల్లో తన లాబొరేటరీలో పరిశోధన నేర్పిస్తాడట.

"ఎండకాలం పని చేసుటానికి గుడ పోటీనా?" అన్నాను నేను. "గా పనేదో నా గుంటల చెయ్యమనుండ్రి, పోటీ లేకుంట ఇస్త."

టీచరమ్మ నవ్వింది. నాయిన మాత్రం నవ్వలేదు. ఆయన లెక్క వేరే ఉంది. ఆడపిల్లకు పదోదే ఎక్కువ, మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి ఇంటరు ఎందుకని అప్పటికే మా వాళ్లందరూ ఆయన చెవిలో ఇల్లు కట్టుకున్నారు. టీచరమ్మ వెళ్లాక నాతో మెల్లగా అన్నాడు.

"కాలేజి సారే పిలిచిండనుకో, ఇగ ఎవడు నోరు తెరుస్తడురా? గా ఒక్క జాగ దొరకాలె. దొరికితె బిడ్డను ఇంటర్ల చేర్పిస్త. దొరకకపోతె నాతోటి గాదు, అందరి తోటి కొట్లాడ నాకు దమ్ము లేదు."

ఆ మాటలో రెండు దమ్ములున్నాయని ఆయనకే తట్టి, ఉన్న కాస్త దమ్మూ నవ్వడానికి వాడేశాడు.

చెల్లె నాలుగు నూలు లడీలు తీసుకుంది. లడి అంటే చుట్టి ముడివేసిన నూలు కట్ట. మూడింటికి మోదుగ పూల రంగు వేసింది. ఏటూరునాగారం అడవి దిక్కు నుంచి వేర్లూ ఆకులూ తెచ్చి అమ్మే ముసలమ్మ దగ్గర ఎండు పూలు దొరికాయి. ఒక లడికి ఒట్టి పూల రసం, ఒకదానికి పటిక వేసిన రసం, ఒకదాన్ని ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి తరవాత పటిక, పూల రసం. నాలుగోది బజారు పొట్లం ఎరుపు. నాలుగింటినీ పెరట్లో దండెం మీద ఎండకు కట్టి, ప్రతి లడిలో కింది సగానికి నల్ల కాగితం చుట్టి దారంతో బిగించింది. పై సగం ఎండ తింటుంది, కింది సగం తినదు. ప్రదర్శన రోజు అక్కడే అందరి ముందూ కాగితం విప్పితే ఏ రంగు ఎంత నిలిచిందో పక్కపక్కనే కనిపిస్తుంది.

నల్ల కాగితం ఎక్కడిదంటారా? నాయినకు ఛాతీ ఫొటో తీసిన దవాఖాన కాంపౌండర్‌ను అడిగి తెచ్చుకుంది. ఆ ఫొటో ఫిలింలు వెలుతురు తగలకుండా చుట్టి వచ్చే కాగితం. "నాయిన రోగం గుడ మనకు అక్కరకొచ్చింది సూడు," అన్నాను. నాయిన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అవ్వ, అంటే మా అమ్మ, నన్ను గరిటతో కొట్టబోయింది.

కావలి పని నాయినది. చెల్లె ఆయన మంచం తెచ్చి సరిగ్గా దండెం కింద వేసింది. కాకులు ముక్కుతో పోగులు లాగుతాయి, మేకలు ఏదైనా తింటాయి, మబ్బు పడితే లోపలికి తేవాలి. పొద్దంతా నాయిన వెల్లకిలా పడుకుని నూలును చూస్తూ ఉండేవాడు. "హుష్... హుష్..." గుంటలో నాకు వినబడేది. మా మగ్గం చప్పుడుకు తాళం అదే. బడి నుంచి రాగానే పుస్తకాలు కూడా దించకుండా చెల్లె మంచం దగ్గరికి వచ్చేది.

"చెప్పు నాయినా, ఇయ్యాల ఎట్లున్నది?"

నాయిన కళ్లు చిన్నవి చేసి, పెళ్లి సంబంధం చూస్తున్నట్టు చూసేవాడు. "ఒట్టి పూలది జర దిగింది బిడ్డా. పటికది గుడ దిగుతాంది. నా ఎరుపు మాత్రం ఎక్కడిదక్కడే."

నా ఎరుపు అనడం ఎందుకంటే వాళ్లిద్దరికీ పందెం. నాయిన బజారు ఎరుపు మీద కట్టాడు. జీవితమంతా ఆ పొట్లాలే వాడాడు, వాటి మీద ఆయనకు ప్రేమ. సేటు తిప్పి పంపిన తువ్వాళ్ల అంచు కూడా ఆ ఎరుపేనని గుర్తు చేస్తే, అది పొట్లం తప్పు కాదు, సేటు ఎండ తప్పు అనేవాడు. చెల్లె కరక్కాయ లడి మీద కట్టింది.

"నువ్వే ఆడుకుంట నువ్వే అంపైరంటె ఎట్ల నాయినా? ఎరుపు గుడ దిగింది, సూడు."

"అది దిగలే. ఎండకు నీ కండ్లు చెదురుతానయ్."

"కాగితం ఇప్పిన్నాడు తెలుస్తది."

"తెలువనియ్. నేనోడిపోతె బీడీ బంద్. పో!"

ఇది పెద్ద మాట. డాక్టరు బీడీ ముట్టొద్దని ఎప్పుడో చెప్పాడు. నాయిన బీడీ కట్టను మగ్గం గుంటలో నా కాళ్ల పక్కన ఒక ఇటుక సందులో దాచుకునేవాడు. అవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లగానే వచ్చి ఒకటి తీసుకునేవాడు. రెండు పీల్పులకే వాసన అవ్వను చేరేది. ఆమె ముక్కు పోలీసు ముక్కు. గరిట పట్టుకుని పెరట్లోకి వచ్చి, "సావు మరి, నాకేం," అనేది. నాయిన బీడీ నాకిచ్చి, "వీడు తాగుతాండు," అనేవాడు. నేను నాయిన గొంతు పెట్టి, నాయిన దగ్గు దగ్గి, "ఔనే, నేనే తాగుతాన," అనేవాణ్ని. ఆ దగ్గు ఎంత బాగా వచ్చేదంటే అవ్వ కూడా మొహం తిప్పుకుని నవ్వేది. నాయిన అడిగి మరీ చేయించుకునేవాడు. "ఏదిరా, నా లెక్క దగ్గు ఒకసారి."

చలికాలం వచ్చింది. నూలు ఎండ తింటూనే ఉంది, ప్రదర్శన దగ్గరపడింది.

ఒక మధ్యాహ్నం గుంటలో ఉన్నాను. కాకి అరుస్తోంది. అరుస్తూనే ఉంది. ఏదో తక్కువైనట్టు అనిపించింది గాని ఏమిటో తెలియలేదు. చేతిలో పోగు మోసే నాడె ఆగాక తెలిసింది. హుష్ వినబడటం లేదు. లేచి పెరట్లోకి వెళ్లాను. కాకి దండెం మీద ఎర్ర లడి పక్కన కూర్చుని ఉంది. నాయిన దాన్నే చూస్తున్నట్టు పడుకుని ఉన్నాడు.

చెల్లె బడిలో ఉంది. సైకిల్ మీద వెళ్లి తీసుకొచ్చాను. నేను ఒక్క జోకు కూడా వేయకుండా సైకిల్ తొక్కుతున్నానంటే దానికి వేరే చెప్పాల్సింది ఏముంది?

పాలకుర్తి నుంచి మేనత్త బస్సు దిగి ఏడుస్తూ వీధి మొదటి నుంచే వచ్చింది. నాయినకు అక్క, ఎత్తుకుని పెంచిన అక్క. నాయినను ఎత్తుకుని మేం వెళ్లాక ఇల్లు చూసింది ఆమే. మనిషి పోయిన ఇంట్లో బట్ట అంతా మైల. కట్టుకున్నవి, కప్పుకున్నవి, దండెం మీదివి, అన్నీ నానబెట్టి ఉతకాల్సిందే. అది మా వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని పని. మనిషి ప్రాణం పోయిన చోట, సరిగ్గా మొహం మీద వేలాడిన నూలు అంటే ఇక అంతకంటే మైల ఏముంటుంది? ఆ నూలు నేసి ఎవరి ఒంటి మీదైనా వేస్తే పాపం కాదా? అందుకని అత్త అన్నిటికంటే ముందు ఆ లడీలనే దించింది. దారాలు తెంపి, నల్ల కాగితాలు పక్కన పడేసి, వేడినీళ్ల గంగాళంలో బట్టల సోడా వేసి, నాయిన దుప్పటితో పాటు నాలుగింటినీ ముంచి, చేతులు ఎర్రబడేదాకా పిండి ఆరేసింది.

నేను అప్పుడు శ్మశానంలో ఉన్నాను. తిరిగి వచ్చాక దండెం నిండా తడి బట్టలు. వాటి మధ్య నూలు ఉందో లేదో చూసే కళ్లు ఆ రోజు నాకు లేవు.

చూసింది టీచరమ్మ. మూడో రోజు పలకరించడానికి వచ్చింది. చాప మీద కూర్చుని చెల్లె చేయి పట్టుకుని కళ్లు మూసుకుని వాళ్ల పద్ధతిలో ప్రార్థన చేసింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా దండెం. నాలుగు లడీలు. బజారు ఎరుపు వేడినీళ్లలో కరిగి అన్నిటికీ అంటుకుంది. నాలుగూ ఒకే రకం, నీళ్లు కలిపిన రక్తం రంగు. ఏది పటికదో ఏది కరక్కాయదో, ఏ సగం ఎండలో ఉందో ఏది నీడలో ఉందో బ్రహ్మకు కూడా తెలియదు.

"అమ్మాయీ, ఆ నూలు... కాగితాలేవి?"

చెల్లె ఆమె చేయి నొక్కింది. "మెల్లగ టీచర్. మా అత్తమ్మ వింటది."

లోపల అత్త ఎవరికో చెప్తోంది. "మా తమ్ముని మీద యాలాడిన నూలమ్మా. ఎవ్వలను ముట్టనియ్యలే. నా చేతులతోని ఉతికిన." ఆ గొంతులో ఏడుపు ఉంది, తమ్ముడికి చివరి సేవ చేసిన తృప్తి కూడా ఉంది.

టీచరమ్మ వెళ్లాక చెల్లెను బావి దగ్గరికి పిలిచాను. "నీకెప్పుడు తెలిసిందే?"

"ఉతుకుతాంటెనే చూసిన. నన్ను గడపల కూసోవెట్టిండ్రు గద. ఎదురుంగనే."

"చూసి ఊకున్నవా? ఒక్కసారి అత్తా అంటె ఆగకపోవునా?"

చెల్లె నా మొహం చూసింది. "ఏమనాలె అన్నా? నాయినను గప్పుడే తీస్కపోయిండ్రు. అందరు ఏడుస్తాండ్రు. నేను లేసి నా నూలు నా నూలు అనాలెనా?"

చేద బావిలోకి వేసి, అక్కర లేకున్నా నీళ్లు తోడాను.

రెండు రోజులు ఆలోచించి నాకు తెలిసిన విద్య చెప్పాను. కొత్త లడీలకు రంగు వేద్దాం, పై సగానికి బ్లీచింగ్ పౌడరు నీళ్లు తాకిద్దాం. "మూడు నెలల ఎండ మూడు నిమిషాల్ల వస్తది. కాలేజి సారు ఏమన్న దండెం కింద పండుకున్నడా?"

"నాయిన పండుకున్నడు," అంది చెల్లె. అంతే. నేను ఆ విద్యను మూట కట్టేశాను.

కర్మలు ముగిసే పెద్ద దినం అయిన మర్నాడే హన్మకొండలో ప్రదర్శన. ఇంటి నుంచి అప్పుడే కదలొద్దని కొందరు అన్నారు. అత్తే అడ్డం పడింది. "వాడు పంపుతనన్నడు, పంపుండ్రి. పో కోడలా. మా తమ్ముని మాట నిలవెట్టు." ఆమె అట్లా అంటుంటే చెల్లె ఆమె కాళ్లకు మొక్కి, ఉతికిన నాలుగు లడీలనూ సంచిలో పెట్టుకుంది. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను.

హాలు నిండా బల్లలు. ఒక బల్ల మీద మట్టి అగ్నిపర్వతం. న్యాయనిర్ణేతలు ఎదురుగా నిలబడ్డంతసేపూ చల్లగా ఉండి, వాళ్లు వెనక్కి తిరగ్గానే పేలి వాళ్ల ప్యాంట్ల మీద కక్కింది. ఇంకో బల్ల మీద రైల్వే గేటు గంట మోగడం మొదలుపెట్టి ఆగనంటే ఆగలేదు. ఆ పిల్లగాడు దాని వైరు పీకినా మోగింది. వేరే రోజైతే వారం రోజులకు సరిపడా సరుకు నాకు. చెల్లె బల్ల పక్కన బల్బుల పెట్టె. ఇద్దరు పిల్లలు బల్బు వేడికి కోడిగుడ్లు పొదిగిస్తున్నారు. సరిగ్గా ఆ పొద్దునే గుడ్డు పగిలి ఒక కోడిపిల్ల బయటికి వచ్చింది. హాలంతా అక్కడే ఉంది. కోడిపిల్లతో ఎవరు పోటీ పడగలరు?

కాలేజీ సారు చెల్లె బల్ల దగ్గరికి వచ్చాడు. కోస్తా మాట, మంచి మనిషి. చెల్లె ప్రశ్న విని అక్కడే ఆగిపోయాడు. ఏ లడికి ఏమేం వేశావు, ఎందుకు వేశావు, కాగితం ఎందుకు చుట్టావు, అన్నీ అడిగాడు. చెల్లె తడుముకోకుండా చెప్పింది. ఆయన తల ఊపుతుంటే వెనక నిలబడ్డ టీచరమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన అనుకుంటాను.

"చాలా బాగుందమ్మా. ఏదీ, ఎండ తగలని భాగం చూపించు."

"లేదు సార్."

"లేదంటే?"

"కడిగిండ్రు సార్."

"అయ్యో. ఎవరు కడిగారు? నువ్వు చెప్పలేదా వాళ్లకి?"

చెల్లె బల్ల అంచు పట్టుకుంది. ఎవరు అన్నదానికి జవాబు చెప్పలేదు. "మా ఇంట్ల సావయింది సార్. గందుకే కడగాలె."

"ఎవరు పోయారమ్మా?"

"మా నాయిన."

పక్క బల్ల మీద కోడిపిల్ల అరుస్తోంది. ఆ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక లడి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, జాగ్రత్తగా పెట్టాడు. "నీ ఆలోచన మంచిది. చాలా మంచిది. కానీ చూపించడానికి ఏమీ మిగల్లేదు కదా తల్లీ. వచ్చే ఏడు మళ్లీ చేసి తీసుకురా."

"పదోది సార్," అంది చెల్లె.

ఆయనకు అర్థమైంది. కాని ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఎండాకాలం జాగ కోడిపిల్ల జట్టుకు వెళ్లింది. చెల్లెకు ఓదార్పు బహుమతి ఇచ్చారు. కాగితం విప్పితే సబ్బుపెట్టె. ప్లాస్టిక్‌ది, ఆకుపచ్చది, మూతతో.

సబ్బుపెట్టె! ఉతికింది సరిపోలేదనా? ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. జీవితంలో వచ్చిన జోకును మింగింది అదొక్కసారే. ఇప్పుడు మీకు చెప్తున్నాను, దానిలో నవ్వేదేమీ లేదని నాకూ తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు చెల్లె సైకిల్ వెనక సంచి పట్టుకుని కూర్చుంది. ఇంటి దగ్గర అత్త ఎదురొచ్చింది.

"ఏమైంది కోడలా? నీ నూలు మెచ్చిండ్రా?"

"మెచ్చిండ్రు అత్తమ్మా. బహుమతి గుడ ఇచ్చిండ్రు." సబ్బుపెట్టె తీసి అత్త చేతిలో పెట్టింది. అత్త దాన్ని కళ్లకు అద్దుకుంది. పాలకుర్తిలో అందరికీ చూపిస్తానని తీసుకెళ్లింది. బతికినన్నాళ్లూ ఆమె దాంట్లోనే పసుపు కుంకుమల పొట్లాలు పెట్టుకుంది. ఆమెకు ఏ సంగతీ ఎవరూ చెప్పలేదు.

పదోది పరీక్షలు రాసింది, పాసైంది. ఇంటరు మాట వచ్చినప్పుడు పెద్దలంతా మా అరుగు మీద కూర్చున్నారు. కాలేజీ సారు పిలిచాడని చెప్పడానికి లేదు, చెప్పే నాయినా లేడు. నేను లేచి వాదించాను. నేను మాట్లాడితే జనం నవ్వుతారు, అదే నా బలం అనుకునేవాణ్ని. ఆ రోజు కళ్లలో నీళ్లు పెట్టుకుని మాట్లాడాను. అప్పుడూ నవ్వారు, ఎవరిదో గొంతు అనుకరిస్తున్నానని. చెల్లె లోపలి నుంచి, "ఊకో అన్నా, సాలు," అంది. నేను బడి మానేసినప్పుడు నేనూ బడీ ఇద్దరం సంతోషించాం. చెల్లె మానేసినప్పుడు సంతోషించింది కండెల రాట్నం ఒక్కటే.

అయితే ఆ ఎండాకాలం, పెద్ద కాలేజీ లాబొరేటరీలో ఎవరో ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున లేచి చూస్తే దండెం మీద నాలుగు లడీలు. హోలీ నాటి మోదుగ పూలు ఎప్పుడు దాచిపెట్టిందో తెలియదు. అత్త పడేసిన నల్ల కాగితాలను ఏరి దాచుకుంది, అవే చుట్టింది. మంచం కూడా అక్కడే వేసింది. దాని మీద ఎవరూ లేరు.

"ఇప్పుడు ఎవలకు చూపిస్తవే?" అన్నాను.

"ఎవలకు లేదు. కావలి నువ్వే."

గుంటలో నుంచే హుష్ అనేవాణ్ని. కాకులకు నేనంటే లెక్కలేదు. సాయంత్రం కండెల పని అయ్యాక వచ్చి అడిగేది. "చెప్పన్నా, ఇయ్యాల ఎట్లున్నది?"

మొదటి రోజు మంచం పట్టె మీద కూర్చుని పైకి చూశాను. నాకు అన్నీ ఒక్క తీరుగానే కనిపించాయి. అలవాటు కొద్దీ నాయిన గొంతు పెట్టాను. "ఒట్టి పూలది జర దిగింది బిడ్డా. నా ఎరుపు మాత్రం ఎక్కడిదక్కడే." తరవాత దగ్గు కూడా దగ్గాలి. రాలేదు. చెల్లె నవ్వలేదు, ఏడవలేదు. "మంచిగ చూసి చెప్పు," అంది. ఆ రోజు నుంచి నిజంగానే చూడటం నేర్చుకున్నాను. రోజుకింత రంగు ఎట్లా పోతుందో కళ్లు పెట్టుకుని చూడటం చాలా కష్టం. నాయిన పొద్దంతా ఎట్లా చూశాడో.

మొదటి వాన మబ్బు పట్టిన సాయంత్రం చెల్లె లడీలు దించి మంచం మీద వరుసగా పరిచింది. ఒక్కొక్కటే దారం విప్పి కాగితం తీసింది. ఒట్టి పూలది పై సగం పాత గోడలా పాలిపోయింది. పటికది కొంచెం నయం. కరక్కాయదానికి కింద సగానికీ మీద సగానికీ వెతికితే తప్ప తేడా లేదు. చివర ఎరుపు. కాగితం కింద కొత్త పెళ్లికూతురు చీరలా ఉంది. ఎండలో ఉన్న సగం ఆ చీర కట్టుకున్న మనిషి ముసలిదైనట్టు ఉంది.

చెల్లె రెండు సగాలనూ వేలితో తడిమింది. "నాయిన ఓడిపోయిండన్నా," అంది.

"ఇగ బీడీ బంద్," అన్నాను నేను.

నవ్వింది. నాయిన పోయాక అది నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను. పందెం పందెమే కదా అని లేచి వెళ్లి గుంటలో నా కాళ్ల పక్కన ఇటుక సందులో చేయి పెట్టాను. సగం అయిపోయిన బీడీ కట్ట నాయిన దాచినట్టే ఉంది. నేను తాగేవాణ్నే, కానీ అన్నాళ్లూ దాన్ని ముట్టలేదు. తెచ్చి చెల్లె చేతిలో పెట్టాను. "గెలిచింది నువ్వు. నీ ఇష్టం."

పెరట్లో నీళ్లు కాగే పొయ్యి ఉంది. దాంట్లో నిప్పు ఇంకా ఆరలేదు. చెల్లె కట్టను దాంట్లో వేసింది. ముందు దారం కాలింది, తరవాత ఆకు ముడుచుకుంది, తరవాత పొగ లేచింది. వాన ముందు గాలి లేని సాయంత్రం, పొగ ఎటూ పోకుండా దండెం కింద మంచం మీదే నిలబడింది.

లోపలి నుంచి గరిట పట్టుకుని అవ్వ గబగబా బయటికి వచ్చింది. నోరు కూడా తెరిచింది. మంచం దిక్కు చూసింది. పరిచిన నాలుగు లడీలు చూసింది, పొయ్యి పక్కన కూర్చున్న మమ్మల్ని చూసింది. తెరిచిన నోరు అట్లాగే పెట్టుకుని, గరిట దించి, కాసేపు ఆ వాసనలో నిలబడి, లోపలికి వెళ్లిపోయింది.